తాడు రెండో కొస

తోరణగల్లు చలికి పేరుపడ్డ ఊరు కాదు. బళ్ళారి నుంచి హొసపేట వెళ్ళే దారిలో, సండూరు తాలూకాలో, ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన పట్నం ఇది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు తెల్లవారుజామునైనా ఒక స్వెటరు ఉంటే పని గడిచిపోతుంది. ఇక్కడి తెలుగు, కన్నడ ఇళ్ళలో చాలామందికి మంచు కొండలంటే సినిమా పాటల్లో చూసినవే. అయినా శీతాకాలపు హిమాలయ నడక ఇప్పుడు దక్షిణాది యువత కోరికల జాబితాలో ముందుకొచ్చింది. ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ అనే చిన్న ఊరి నుంచి మొదలయ్యే కేదార్‌కంఠ నడక అందులో బాగా పేరున్నది. 3,810 మీటర్ల ఆ శిఖరానికి డిసెంబరు, జనవరి నెలల్లో మోకాలి లోతు మంచులో ఎక్కేవాళ్ళలో బెంగళూరు, హైదరాబాదుల నుంచి వచ్చినవాళ్ళు తప్పకుండా కనిపిస్తారు. బయలుదేరేముందు వీళ్ళు వాకబు చేసేవి బూట్లు, జాకెట్, చేతి తొడుగులు, ఎన్ని జతల సాక్సులు పెట్టుకోవాలన్న సంగతి. ‘ఎవరితో వెళ్తున్నావు?’ అని మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. వాళ్ళు భయంతో అడిగినా, మంచు గురించి అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

తోడు ఎందుకంటే సాధారణంగా వచ్చే జవాబులు రెండు: ధైర్యానికి, కాలక్షేపానికి. లోతైన మంచులో ఈ రెండూ చిన్న కారణాలు. పెద్ద కారణం మన శరీరంలోనే ఉంది. చలి, ఎత్తు కలిసి మనిషి మీద పడ్డప్పుడు కాళ్ళ సత్తువ కన్నా ముందు తెలివి మందగిస్తుంది. తన తెలివి మందగించిందని గుర్తించాలంటే మళ్ళీ ఆ తెలివే కావాలి. ఈ చిక్కుముడిని ఎంత ఖరీదైన జాకెట్టూ విప్పలేదు. పక్కన నడిచే మనిషి, అదీ ‘ఇక చాలు, తిరుగుదాం’ అనగలిగే మనిషి, అన్నప్పుడు మనం వినే మనిషి ఉంటేనే అది విడుతుంది. కాబట్టి మంచు నడకలో తోడును సరదాల పద్దులో కాక సామాను పద్దులో రాసుకోవాలి, అదీ మొదటి వరుసలో.

ముందు నడక సంగతి చూద్దాం. లోతైన మంచులో అడుగు వేస్తే పాదం నేలను తాకదు. పిక్క దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగబడుతుంది. దిగిన కాలిని నిట్టనిలువుగా పైకి లాగి మళ్ళీ ముందుకు వేయాలి. అమెరికా సైనిక పరిశోధకులు 1976లో ప్రచురించిన కొలతల ప్రకారం, పాదం 35 సెంటీమీటర్లు దిగబడే మంచులో నడకకు ఖర్చయ్యే శక్తి, చదునైన గట్టి నేల మీద నడకతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు. ఊళ్ళో గంటకు ఐదు కిలోమీటర్లు చకచకా నడిచేవాడు ఇక్కడ ఒక్క కిలోమీటరుకే ఆయాసపడతాడు. అయితే ఈ భారమంతా ముందు నడిచేవాడిది. అతను తొక్కిన గుంటల్లో అడుగులు వేసుకుంటూ వచ్చే రెండోవాడికి శ్రమ చాలా తగ్గుతుంది. అందుకే మంచు కొండల్లో అనుభవమున్నవాళ్ళు కాసేపు ఒకరు, కాసేపు మరొకరు ముందుంటూ దారి చేస్తారు. ఇద్దరి బలం కలిసి ఒకరి బలానికి రెట్టింపు కావడం ఒక్కటే ఇక్కడి లాభం అనుకోకూడదు. వంతులు మార్చుకుంటే ఎవరికీ ఒళ్ళు తడిసేంత చెమట పట్టదు. మంచులో చెమట పట్టడమంటే ముప్పుకు తలుపు తీయడమే.

ఎండ ప్రాంతం మనిషికి ఇది వెంటనే ఎక్కదు. మనకు చెమట మేలు చేస్తుంది, ఒళ్ళు చల్లబరుస్తుంది. మంచులోనూ అది అదే పని చేస్తుంది, మనం వద్దన్నా సరే. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. లోపలి నూలు బనియను తడిసిందంటే, నడక ఆగిన మరుక్షణం నుంచి అది ఒంటి వేడిని తాగడం మొదలుపెడుతుంది. దానికి గాలి తోడైతే చెప్పనక్కర్లేదు. సున్నాకు 10 డిగ్రీలు తక్కువున్న చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయటపడ్డ చర్మానికి అది సున్నాకు 20 డిగ్రీల కింద ఉన్నట్టే. శరీరం లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలుంటుంది. అది 35 కన్నా దిగితే దాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. కేవలం రెండు డిగ్రీల తేడా. ఆ తేడాలోనే మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, జిప్పు పట్టుకోవడానికి వేళ్ళు సహకరించవు, చిన్న మాటకే చిరాకు పుడుతుంది. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. ఆ మనిషి వణుకు ఆగిందని, తనకు నయమైందని అనుకుంటాడు. చివరి దశలో కొందరు ఒళ్ళు కాలుతోందన్న భ్రమలో బట్టలు విప్పేసిన ఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఈ లక్షణాల్లో ఏదీ బాధితుడికి లక్షణంగా తోచదు. పక్కనున్నవాడికి మాత్రం ‘వీడేంటి, మాట తేడాగా ఉంది’ అని ఇట్టే తెలిసిపోతుంది.

ఎత్తు చేసే పనీ ఇలాంటిదే. కేదార్‌కంఠ ఎత్తులో ఒక్కో శ్వాసతో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వచ్చేవే. ఒకరోజు ఆగితే ఎక్కువమందికి సర్దుకుంటాయి. కానీ కొద్దిమందిలో మెదడు వాస్తుంది. దాని తొలి గుర్తు నడక తూలడం. దాన్ని పట్టుకోవడానికి కొండ మీద వాడే పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు: ఒక పాదం మడమకు రెండో పాదం బొటనవేలు ఆనిస్తూ సరళరేఖలో పది అడుగులు నడవమంటారు. తూలితే వెంటనే కిందికి దించాలి, తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఈ పరీక్ష ఎవరికివారు పెట్టుకోలేరు. తూలుతున్నవాడు తాను తిన్నగానే నడిచానంటాడు. ముక్కు మీద, చెంప మీద చర్మం గడ్డకట్టడం మొదలైనప్పుడు కనిపించే తెల్లటి మచ్చ కూడా అంతే. అక్కడ స్పర్శ పోతుంది కాబట్టి ఉన్నవాడికి నొప్పి తెలియదు. ఎదురుగా ఉన్నవాడు చూసి అరచేత్తో కప్పి వెచ్చబరిస్తే సరిపోతుంది, చూడకపోతే ఆ చర్మం నల్లబడి రాలిపోవచ్చు.

మనిషి తన స్థితిని తాను అంచనా వేసుకోలేని చోటికి ఒంటరిగా పంపకూడదన్న సూత్రం తోరణగల్లు కార్మికులకు కొత్తేమీ కాదు. జిందాల్ సంస్థ 1994లో ఇక్కడ మొదలుపెట్టిన కర్మాగారం నేడు దేశంలోనే అతి పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే వాయువులో ఐదో వంతుకు అటూఇటూగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పీల్చినవాడికి మొదట తల బరువెక్కుతుంది, తర్వాత ఆలోచన మసకబారుతుంది, బయటికి రావాలన్న బుద్ధే పుట్టదు. మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లో ఇలాంటి వాయువులుండే ట్యాంకులు, గుంటలు, గొట్టాల్లోకి దిగే మనిషి గురించి ఒక నిబంధన పెట్టారు: లోపల ప్రమాదం లేదని పరీక్షించి లిఖితపూర్వకంగా ధ్రువీకరించి ఉండాలి, లేదంటే ఆ మనిషి శ్వాస పరికరం ధరించి, నడుముకు బెల్టు కట్టుకుని, ఆ బెల్టుకు కట్టిన తాడు రెండో కొసను బయట ఉన్న మరో మనిషి పట్టుకుని ఉండాలి. చట్టం ఆ కొసను కొక్కేనికో స్తంభానికో కట్టమనలేదు. మనిషి పట్టుకోవాలన్నది. తాడు సడలిందా, బిగిసిందా, లోపలివాడు పలుకుతున్నాడా అని గమనించి నిర్ణయం తీసుకోగలిగేది మనిషే కాబట్టి. ఎత్తైన కొండా, వాయువు నిండిన ట్యాంకూ చివరికి చేసేది ఒకే పని, మెదడుకు ఆక్సిజన్ తగ్గించడం. ఒకచోట చట్టం తప్పనిసరి చేసిన జాగ్రత్తను రెండోచోట మన ఇష్టాయిష్టాలకు వదిలేయడానికి కారణం కనిపించదు.

తెలివి సంగతి పక్కనపెట్టి లెక్క ప్రకారం చూసినా తోడు విలువ నిమిషాల్లో తేలుతుంది. ఏటవాలు మంచు ఒక్కసారిగా జారి మనిషిని కప్పేస్తే ఎంతసేపు బతుకుతాడన్నది స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 1991 వరకు జరిగిన ప్రమాదాల ఆధారంగా లెక్కగట్టారు. 1994లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం 15 నిమిషాల లోపు తవ్వి తీస్తే బతికే అవకాశం 92 శాతం. 35 నిమిషాలయ్యేసరికి అది 30 శాతానికి పడిపోతుంది. జారి ఆగిన మంచు గట్టిపడి, చేయి కదలనివ్వదు. కాబట్టి పూర్తిగా మునిగినవాడు తనను తాను తవ్వుకుని రావడమన్నది దాదాపు అసాధ్యం. హెలికాప్టరు 15 నిమిషాల్లో రాదు. ఆ వ్యవధిలో రాగలిగేది అక్కడే ఉన్న సహచరుడు ఒక్కడే. అందుకే మంచు చరియల ముప్పున్న లోయల్లో ప్రతివాడి దగ్గరా సంకేతాలు పంపే, పట్టుకునే చిన్న యంత్రం, మంచులో గుచ్చి చూసే పొడవాటి ఊస, మడత పార ఉండాలంటారు. తమాషా ఏమంటే, ఈ మూడింటిలో ఏదీ తోడు లేకుండా మోసేవాడికి పనికిరాదు. నా దగ్గరున్న పార నా తోడును తవ్వడానికి, నన్ను తవ్వే పార అతని చేతిలో ఉంది. 30 నుంచి 45 డిగ్రీల వాలును ఒకరి తర్వాత ఒకరుగా దాటాలనీ, ఒకరు దాటుతుంటే రెండోవారు భద్రమైన చోట నిలబడి కన్నార్పకుండా చూడాలనీ చెప్పేది కూడా ఇందుకే. చివరిసారి ఎక్కడ కనిపించాడో తెలిస్తే వెతికే చోటు బాగా తగ్గుతుంది.

దీనికి ఎదురుగా సియాచిన్ ఉదంతాన్ని చూపించవచ్చు. 2016 ఫిబ్రవరి 3న 19,000 అడుగులకు పైన ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో బయటపడ్డాడు. ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనికాసుపత్రిలో కన్నుమూశాడు. ఆరు రోజులు బతికినవాడు ఉన్నప్పుడు 15 నిమిషాల లెక్క ఎందుకని అడగవచ్చు. అతని చుట్టూ కొంత గాలి మిగిలి ఉండటం వల్లే అది సాధ్యమైంది. మిగతా తొమ్మిదిమంది బతకలేదు. ఆ ఘటన మరో మాట కూడా చెబుతుంది. అంత ఎత్తులో, అంత చలిలో, రాయిలా గట్టిపడ్డ మంచును యంత్రాలతో కోస్తూ, జాగిలాలతో వెతుకుతూ, ఆశ వదులుకోవలసిన రోజులు దాటినా తవ్వుతూనే ఉన్నారు తోటి సైనికులు. ఆ అద్భుతానికి సగం కారణం గాలి అయితే మిగతా సగం మనుషులు.

తెలుగువాళ్ళు ఈ విషయం మాట్లాడుకునేటప్పుడు మల్లి మస్తాన్ బాబు పేరు రాక తప్పదు. నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంఘం అనే ఊళ్ళో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎంల దాకా వెళ్ళిన మనిషి. 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు సృష్టించాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఉన్న ట్రెస్ క్రూసెస్ సుర్ అనే 6,700 మీటర్లు దాటిన శిఖరానికి ఒంటరిగా బయలుదేరాడు. మార్చి 24 తర్వాత అతని జాడ తెలియలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తర చిలీలోని అటకామా ప్రాంతాన్ని అరుదైన తుఫాను, వరదలు ముంచెత్తాయి. ఏప్రిల్ మొదటి వారంలో అతని మృతదేహం దొరికింది. తోడుంటే బతికేవాడని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ తుఫానుకు ఇద్దరూ బలయ్యేవారేమో. చెప్పగలిగింది ఇంతే: ఒంటరి మనిషికి ఆపద వస్తే అది ఆపద అని బయటి లోకానికి తెలియడానికే రోజులు పడుతుంది. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవారుండరు. అంతటి నేర్పరికి, అంతటి అనుభవానికి కూడా కొండ ఆ ఒక్క లోటును మినహాయించలేదు.

అయితే ఒంటరిగా వెళ్ళి గెలిచినవాళ్ళు లేరా? ఉన్నారు. ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్ 1980 ఆగస్టు 20న టిబెట్ వైపు నుంచి ఒక్కడే, ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎవరెస్ట్ ఎక్కి దిగాడు. పర్వతారోహణ చరిత్రలో అది శిఖరం లాంటి ఘట్టం. కానీ అతను చిన్నతనం నుంచీ ఆల్ప్స్‌లో పెరిగినవాడు, రెండేళ్ళ ముందు అదే ఎవరెస్ట్‌ను సహచరుడితో కలిసి ఆక్సిజన్ లేకుండా ఎక్కినవాడు. గెలిచి తిరిగొచ్చినవాళ్ళు పుస్తకాలు రాస్తారు, ఉపన్యాసాలిస్తారు. రానివాళ్ళ మాట మనకు వినపడదు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా మహామహుల ఒంటరి విజయాలను చూసి, సెలవులు పెట్టుకుని మొదటిసారి మంచు తొక్కబోయేవాడు ధైర్యం తెచ్చుకోవడం తప్పు లెక్క. ఏకాంతం కోసం వెళ్తామనేవాళ్ళ కోరికలో న్యాయం లేకపోలేదు. పక్కన మనిషి ఉన్నా మాట్లాడకుండా నడవవచ్చు. మంచులో, పైగా ఎక్కుతూ, ఎలాగూ ఎక్కువ మాటలు రావు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. తోడుంటే రక్షణ అంటున్నారు, మరి బృందాలు బృందాలుగా చనిపోతున్నారు కదా? ఈ ప్రశ్నను దాటవేయడానికి వీల్లేదు. 2024 మేలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ నడకకు బయలుదేరిన 22 మంది బృందంలో ఎక్కువమంది కర్ణాటకవాళ్ళు. జూన్ 3న మంచు తుఫానులో చిక్కుకుని అందులో 9 మంది చనిపోయారు. అది శీతాకాలం కూడా కాదు. 1985 అక్టోబరులో భారత సైన్యపు ఎవరెస్ట్ యాత్రలో ఐదుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో నలుగురు సౌత్ కోల్ దగ్గర తుఫానులో చిక్కుకున్నవాళ్ళు. ఆ నలుగురిలో ఒకరు కోరుకొండ పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు. మస్తాన్ బాబుకు కొండల మీద మనసు పుట్టించింది ఆ అమరుడి జ్ఞాపకమే. అమెరికాలో 1972 నుంచి 2003 వరకు జరిగిన 715 మంచు చరియ ప్రమాదాలను పరిశీలించిన ఇయాన్ మెక్‌కామన్, చాలాచోట్ల ప్రమాద సంకేతాలు కళ్ళెదుటే ఉన్నా మనుషులు ముందుకే వెళ్ళారని తేల్చాడు. అలవాటైన చోటన్న ధీమా, అనుకున్నది పూర్తిచేయాలన్న పట్టుదల, నాయకుడికి తెలుసులే అన్న నమ్మకం, పక్కవాళ్ళు వెళ్తున్నారు కదా అన్న ఊరట వాళ్ళను ముందుకు నెట్టాయి. అంటే గుంపు ఒక్కోసారి తెలివిని పెంచదు, పంచుకున్న భ్రమను పెంచుతుంది.

ఈ ఆధారాలు తోడు అవసరాన్ని కొట్టివేస్తున్నట్టు కనిపిస్తాయి. నిదానంగా చూస్తే తోడు ఎలా ఉండాలో చెబుతున్నాయి. వాతావరణం ఒక్కసారిగా విరుచుకుపడితే ఎంతమందున్నా చేయగలిగింది తక్కువ. అది కొండ లక్షణం. మిగతా ప్రమాదాల్లో ప్రాణం తీసేది అందరూ ఒకేలా ఆలోచించడం, లేదా ఒకరికి వేరేగా తోచినా నోరు విప్పకపోవడం. 20 మందిలో కొత్తవాడికి తలనొప్పి పెరుగుతుంటుంది. తనవల్ల అందరి యాత్ర పాడవుతుందని మాట్లాడడు. డబ్బు కట్టాం, సెలవు పెట్టాం, ఊళ్ళో చెప్పొచ్చాం అన్న బరువులు సంచి బరువుకు తోడవుతాయి. ఇద్దరి జంటలో ఈ మొహమాటం తక్కువ. ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తూ ఉంటుంది. ఉదయం ఎలా నవ్వాడో, మధ్యాహ్నం ఎలా ఉన్నాడో పోల్చుకునే అవకాశం ఆ రెండోవాడికే ఉంటుంది. అందుకే పెద్ద బృందంలో వెళ్ళినా లోపల ఇద్దరిద్దరు జంటగా ఉండాలన్నది మంచి పద్ధతి. ఒకరి తిండి, నీళ్ళు, వేళ్ళు, మాట మరొకరి బాధ్యత. సంఖ్య వల్ల రాని రక్షణ ఈ బాధ్యత వల్ల వస్తుంది.

మన దగ్గరే దీనికి చక్కటి నిదర్శనం ఉంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. ఆ సంస్థకు అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ యాత్ర వెనుక నిలబడితే, అంతకుముందే ఎవరెస్ట్ ఎక్కిన శేఖర్ బాబు శిక్షణ ఇచ్చారు. మంచే ఎరగని పిల్లలను మొదట భువనగిరి కోట ఏకశిల మీద ఎక్కించారు, తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపారు, ఆ తర్వాత నడి చలికాలంలో లద్దాఖ్‌కు తీసుకెళ్ళారు. ప్రతి మెట్టు దగ్గరా కొందరు తగ్గి చివరికి ఇద్దరు మిగిలారు. ఆ మెట్లు పరీక్షించింది కండబలాన్ని మాత్రమే అనుకోలేం. కష్టంలో ఎవరు ఎలా ప్రవర్తిస్తారో నెలల తరబడి చూసిన తర్వాతే వాళ్ళను పెద్ద కొండ మీదికి పంపారు. మైదానపు పిల్లలు మంచు కొండకు పనికిరారన్న మాటకు అది సమాధానమైతే, తోడును బజార్లో బూట్లు కొన్నట్టు చివరి వారంలో వెతుక్కోకూడదన్న మాటకు అది సాక్ష్యం.

గైడ్ ఉంటాడు, ట్రెక్కింగ్ సంస్థ ఉంటుంది, ఫోన్ ఉంటుంది, ఇక తోడెందుకన్నది ఇంకో వాదన. స్థానిక గైడ్‌కు కొండ తెలుసు, దారి తెలుసు, మేఘం చూసి వాన చెప్పగలడు. అతను లేకుండా కొత్తవాళ్ళు శీతాకాలంలో వెళ్ళనే కూడదు. కానీ మనం మామూలుగా ఎలా మాట్లాడతామో, ఎంత తింటామో అతనికి తెలియదు. ఎప్పుడూ గలగలలాడే మనిషి మౌనంగా ఉన్నాడని గమనించేది స్నేహితుడే. పైగా ఒక్క గైడ్ తన చూపును పది పదిహేను మందికి పంచాలి. ఫోన్ విషయానికొస్తే, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, లోయల్లో సిగ్నల్ ఉండదు. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్ వాడటం మన దేశంలో నేరం. జీపీఎస్ దారి చూపుతుంది. ఆ దారిన ఇప్పుడు వెళ్ళవచ్చా లేదా అన్నది చెప్పదు. నేల, ఆకాశం కలిసిపోయి ఏమీ కనిపించని తెల్లటి మబ్బులో చిక్కుకున్నప్పుడు కూడా పాత పద్ధతే పనికొస్తుంది: ఒకరు ముందు నడుస్తారు, వెనకున్నవారు దిక్సూచి చూస్తూ ‘కాస్త ఎడమకు’ అని సరిచేస్తారు. ముందున్న మనిషే గురి. ఒంటరివాడికి ఆ గురి ఉండదు, తెలియకుండానే పక్కకు ఒరుగుతాడు.

తోడు వల్ల ముప్పు కూడా ఉందన్నది నిజం. మంచు పగుళ్ళున్న హిమానీనదాల మీద ఇద్దరే తాడు కట్టుకుని వెళ్తే, ఒకడు పడినప్పుడు రెండోవాణ్ణి లాగేసే ప్రమాదం ఉంది. 1865 జూలై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ మొదటిసారి ఎక్కి దిగుతున్న ఏడుగురిలో ఒకరు జారితే నలుగురు పడిపోయారు. తాడు తెగబట్టి మిగతా ముగ్గురు బతికారు. అలాంటి చోట్ల ముగ్గురు నలుగురు ఉండటం మేలు. ఒకరు గాయపడితే ఒకరు దగ్గరుండి, మిగతావారు సాయం కోసం వెళ్ళగలుగుతారు. ఇద్దరే ఉన్నప్పుడు, గాయపడ్డవాణ్ణి వదిలి వెళ్ళాలా, ఉండిపోవాలా అన్న కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. కాబట్టి ఇద్దరు అన్నది కనీసపు సంఖ్య మాత్రమే. ఇద్దరే వెళ్ళదలచుకుంటే పగుళ్ళు లేని, తొక్కిన దారులున్న, ఊళ్ళకు దగ్గరైన నడకలు ఎంచుకోవాలి. ఎవరు ఎక్కడున్నారో, ఎప్పటికి తిరిగి రావాలో కింద ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్ళాలి. బలహీనుడైన తోడు వేగం తగ్గిస్తాడన్న ఫిర్యాదు కూడా తరచూ వినిపిస్తుంది. తగ్గించనివ్వండి. లోతైన మంచులో చెమట పట్టని వేగమే సరైన వేగమని ముందే చూశాం. చాలాసార్లు ఆ వేగాన్ని నిర్ణయించవలసింది నెమ్మదిగా నడిచేవాడే.

తోరణగల్లులో ఉండే ఇద్దరు మిత్రులు వచ్చే శీతాకాలం కేదార్‌కంఠ వెళ్ళాలనుకుంటే మొదటి పని సండూరు కొండల్లోనే మొదలవుతుంది. బరువున్న సంచులతో వరసగా కొన్ని ఆదివారాలు తెల్లవారుజామున ఎక్కి దిగితే కాళ్ళతో పాటు ఒకరి స్వభావం ఒకరికి తెలుస్తుంది. ఎవరికి ముందు దాహమేస్తుంది, అలిసిపోతే ఎవరు మాట మానేస్తారు, ఎవరు కోప్పడతారు, ఎవరు బాగాలేకున్నా బాగున్నానంటారు అన్నవి హిమాలయాల్లో తెలుసుకోవలసిన సంగతులు కావు. ఇక్కడే తెలియాలి. బయలుదేరేముందు కొన్ని మాటలు ఖాయం చేసుకోవాలి. మధ్యాహ్నం ఫలానా గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగడం. ప్రతి గంటకు ఒకరి ముఖం, వేళ్ళు మరొకరు చూడటం. తలనొప్పి దాచకపోవడం. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరిలో ఎవరు ‘తిరుగుదాం’ అన్నా రెండోవారు కారణం అడగకుండా తిరగడం. వాదన కింద టెంటులో, వేడి టీ తాగుతూ పెట్టుకోవచ్చు. కొండ మీద ఆ మాటకు చర్చ లేదు. ఈ చివరి షరతుకు ఒప్పుకోని మనిషి ఎంత ప్రాణస్నేహితుడైనా, ఎంత బలశాలి అయినా, మంచుకు తోడు కాడు. ఒప్పుకున్న మనిషి దొరికితే శిఖరం అందినా అందకపోయినా ఆ నడక సక్రమంగా సాగినట్టే, ఎందుకంటే కేదార్‌కంఠకు మళ్ళీ వెళ్ళవచ్చు.